చెవిలో అప్రస్తుత ప్రసంగి

"బండి మీద పోతూ మాట్లాడుకోవడానికి ఏ బ్లూటూత్ కొనమంటారు?"

ఈ ప్రశ్న నన్ను అడగనివారు మా వడ్లమూడిలో తక్కువ. కంప్యూటరులో తెలుగు రాసుకునేవాడికి విద్యుత్తుతో నడిచే సమస్త వస్తువుల మర్మమూ తెలిసి ఉంటుందని మావైపు ఒక నమ్మకం. కాలేజీకి పోయే కుర్రవాడూ అడుగుతాడు, పాలవ్యాను నడిపే పెద్దాయనా అడుగుతాడు, తెనాలిలో ఉద్యోగం చేసుకొని పొద్దుగూకే వేళకు స్కూటరు మీద ఇల్లు చేరే అక్కగారూ అడుగుతారు. వారందరికీ నేను చెప్పే సమాధానం ఒక్కటే: బండి మీద పోతూ మాట్లాడుకోవడానికైతే ఏదీ కొనవద్దు.

ఆ మాట వినగానే ముఖాలు చిన్నబోతాయి. "చేత్తో పట్టుకుంటే కదండీ ప్రమాదం? చెవిలో పెట్టుకుంటే చేతులు రెండూ హ్యాండిలు మీదే ఉంటాయి కదా?" అంటారు. ఈ టపా ఆ "కదా" మీద.

ముందుగా మాట సంగతి చూద్దాం. మనం మాటల మనుషులం. మొబైలును చరవాణి అని పిలుచుకొని మురిసినవాళ్ళం, బ్లూటూత్‌ను నీలిపన్ను అని సరదాపడ్డవాళ్ళం. ఆ నీలిపన్ను వెనుక నిజంగానే ఒక రాజు ఉన్నాడు. పదవ శతాబ్దిలో డెన్మార్కును ఏలిన హెరాల్డ్ బ్లూటూత్ విడివిడిగా ఉన్న జనాలను ఒక్క ఏలుబడి కిందికి తెచ్చాడంటారు. వేర్వేరు కంపెనీల యంత్రాలను కలిపే ఈ విద్యకు ఆయన పేరు పెడదామని 1997లో ఇంటెల్ ఇంజనీరు జిమ్ కార్డాక్ సూచించాడు. 1998లో ఎరిక్సన్, నోకియా, ఇంటెల్, ఐబీఎం, తోషిబా ఒక సంఘంగా ఏర్పడి ఆ విద్యను లోకం మీదికి వదిలాయి. ఇంతవరకూ పేరులో అబద్ధమేమీ లేదు.

అబద్ధమంతా "హ్యాండ్స్‌ఫ్రీ" అన్న రెండో పేరులో ఉంది. దానికి తెలుగు చెయ్యమంటే "కరముక్తం" అనవచ్చు. చేతికి ముక్తి దొరికిన మాట నిజమే. అయితే బంధం చేతిదని ఎవరు చెప్పారు? ఫోను పట్టుకున్న చెయ్యి కంటికి కనబడుతుంది కనుక పోలీసు దాన్ని పట్టుకున్నాడు, చట్టం దాన్ని పట్టుకుంది, వ్యాపారి దానికి మందు కనిపెట్టి అమ్మాడు. మాటలో చిక్కుకున్న మనసు కంటికి కనబడదు. నొప్పి ఒకచోట, పట్టు మరొకచోట వేసి, డబ్బాకు హ్యాండ్స్‌ఫ్రీ అని అట్ట అంటించారు. పుణ్యానికి కొన్నట్టు మనం కొనుక్కుంటున్నాం.

ఇక రోడ్డు సంగతి. గుంటూరు నుంచి తెనాలి పోయే దారిలో మా ఊరుంది. ఇటు నారాకోడూరు, అటు అంగలకుదురు. విజ్ఞాన్ విశ్వవిద్యాలయం ఈ ఊళ్ళోనే, సంగం డెయిరీ ఈ ఊళ్ళోనే. కనుక తెల్లవారకముందే పాలబండ్లు, తెల్లవారాక కాలేజీ బస్సులు, రోజంతా షేరాటోలు, లారీలు. కోతల కాలంలో ధాన్యం బస్తాల ట్రాక్టర్లు, వెనుక ఎర్రదీపం లేని ట్రక్కులు, రోడ్డు అంచున ఆరబోసిన మొక్కజొన్నలు. సందె వేళకు మేతనుంచి మరలివచ్చే గేదెలు. తారురోడ్డుకు తాము పన్ను కట్టినంత ధీమాతో అవి అడ్డంగా నడుస్తాయి. ఈ రోడ్డు మీద ద్విచక్రవాహనం నడపడం ఎంత పనో నడిపేవారికే తెలుసు.

ఆ పనిలో సగం కంటిది, సగం చెవిది. ఈ రెండో సగాన్ని మనం మరచిపోతున్నాం. లారీ వెనుక "సౌండ్ హారన్" అని రంగులతో రాయించుకునే దేశం మనది. వెనుకనుంచి వచ్చేవాడు శబ్దం చేసి చెప్పాలి, ముందు పోయేవాడు విని తప్పుకోవాలి. అదీ మన రోడ్డు వ్యాకరణం. అది మంచి వ్యాకరణమని నేననను. కానీ వ్యవహారంలో ఉన్నది అదే. మావైపు మోటారుసైకిళ్ళలో ఎన్నింటికి రెండు అద్దాలూ సరిగా ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టి చూడండి. అద్దం విరిగిందో, అందానికి అడ్డమని పీకేశారో, ఇరుకు సందులో తగులుతుందని లోపలికి మడిచేశారో, మొత్తానికి వెనుకను చూపించేది లేదు. అటువంటి బండికి చెవే అద్దం. ఆ అద్దం మీద గుడ్డ కప్పుకోవడానికి వేలకు వేలు పోసి వస్తువు కొనడమేమిటి?

పైగా ఇప్పటి హెడ్‌సెట్లలో గొప్పగా చెప్పుకునే గుణం బయటి శబ్దాన్ని అణచడం. బయటి మోతను ఒక చిన్న మైకు విని, దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని పుట్టించి, చెవిలో రెంటినీ కొట్టివేస్తుంది. ఎడతెగకుండా గురగురలాడే మంద్రధ్వనిని ఈ పద్ధతి అన్నిటికంటే బాగా మింగుతుంది. చెవిరంధ్రాన్ని బిగించే మెత్తని రబ్బరు మిగిలిన శబ్దాన్ని తగ్గిస్తుంది. విమానంలో నిద్రపోయేవాడికి ఇది వరం. వెనుకనుంచి లారీ దగ్గరపడుతోందని హారనుకంటే ముందు చెప్పేది ఆ గురగురే. దాన్ని మింగేశాక హారను కొట్టడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. అందులోనూ ఈ చెవిటితనం కొనుక్కున్నది.

"సరే, ఒక చెవిలోనే పెట్టుకుంటాం, రెండో చెవి తెరిచే ఉంటుంది" అనేవారున్నారు. వారికి జవాబు చెవిలో దొరకదు, ఇంకాస్త లోపల వెతకాలి.

మన సాహిత్యంలో దానికి అచ్చమైన ఉదాహరణ ఉంది. అష్టావధానంలో పృచ్ఛకులు ఎనిమిదిమంది. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు, ఒకరు అక్షరం అక్షరానికీ నిషేధం పెడతారు, ఒకరు ఉన్నట్టుండి గంట కొడుతుంటే అవధాని ఆ గంటలు లెక్కపెట్టుకోవాలి. వీరందరి మధ్యా అప్రస్తుత ప్రసంగి అని ఒకాయన కూర్చుంటాడు. పద్యంతో ఆయనకు పని లేదు. మధ్యమధ్యలో సంబంధం లేని మాటలాడి అవధాని ఏకాగ్రతను చెదరగొట్టడమే ఆయన పని. మన పూర్వులు ఎంత గడుసువారో చూడండి. మనసును చెదరగొట్టడానికి కత్తులు, కటార్లు అక్కరలేదనీ, ఒక్క సంభాషణ చాలుననీ కనిపెట్టి, ఆ పనికి ఏకంగా ఒక పీట వేశారు.

బండి నడిపేవాడూ అవధానే. గేదె ఒక పృచ్ఛకురాలు, గుంట ఒక పృచ్ఛకుడు, ఎదురుగా వచ్చే కాలేజీ బస్సు ఒక సమస్య, హారను ఘంటాగణనం. అన్నిటికీ అక్కడికక్కడే జవాబు చెప్పాలి. ఆ పనిలో ఉన్న మనిషి తన చెవిలోకి తానే అప్రస్తుత ప్రసంగిని ఎక్కించుకొని, ఆయనకు బ్యాటరీ పెట్టి, రాత్రంతా ఛార్జింగు చేసి మరీ పోషిస్తున్నాడు. తిరుపతి వేంకట కవుల వంటి ఉద్దండులు సభలను గెలిచారంటే దాని వెనుక ఎంతటి ధారణ, ఎన్నేళ్ళ సాధన! పైగా వారు కూర్చొని గెలిచారు. పద్యం తప్పితే సభలో ఒక నవ్వు, అంతే. నారాకోడూరు మలుపులో తప్పితే నవ్వడానికి ఎవరూ ఉండరు.

ఇదంతా ఉపమానాల ఆర్భాటమే అనుకునేవారి కోసం లెక్కలు కూడా చెబుతాను.

1997లో రెడెల్‌మైర్, టిబ్షిరాని అనే ఇద్దరు పరిశోధకులు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం ప్రచురించారు. కెనడాలోని టొరంటోలో ప్రమాదాలకు గురైన 699 మంది డ్రైవర్ల ఫోను బిల్లులను ప్రమాద సమయాలతో సరిపోల్చారు. ఫోను వాడుతున్న వేళ ప్రమాదావకాశం సుమారు 4 రెట్లు. చేతిలో పట్టుకోనవసరం లేని ఫోన్లకు ఎటువంటి మేలూ కనబడలేదు. 2005లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో, ప్రమాదం జరిగి ఆసుపత్రికి వచ్చిన 456 మంది మీద మెకెవాయ్ బృందం చేసిన పని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. అక్కడా 4 రెట్లే. అక్కడా చేతిఫోనుకూ హ్యాండ్స్‌ఫ్రీకీ చెప్పుకోదగిన తేడా లేదు. దేశాలు వేరు, పరిశోధకులు వేరు, పద్ధతి దాదాపు ఒకటే, ఫలితం ఒకటే.

ఎందుకిలా అవుతుందో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ స్ట్రేయర్ బృందం 2003లో చూపించింది. కృత్రిమ వాహనంలో కూర్చోబెట్టి, కంటిచూపు ఎక్కడ వాలుతోందో యంత్రంతో కనిపెడుతూ, హ్యాండ్స్‌ఫ్రీలో మాట్లాడిస్తూ నడిపించారు. దారిపక్కన బోర్డుల మీద చూపు వాలిందని యంత్రం చెబుతోంది. ఏం చూశావని అడిగితే, మాట్లాడుతూ నడిపినప్పుడు చూసినవి వారికి సరిగా గుర్తులేవు. కన్ను చూసింది, మనిషి చూడలేదు. మన పెద్దవాళ్ళు "ధ్యాస ఎక్కడ పెట్టుకున్నావురా?" అని మొట్టికాయ వేసేవారు. ఆ ధ్యాసే ఇది.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు సుమారు 17 మీటర్లు పోతుంది. "ఆ కరెంటు బిల్లు కాగితం ఎక్కడ పెట్టావు?" అన్న ప్రశ్నకు జవాబు ఆలోచించడానికి మూడు సెకన్లు పట్టిందనుకోండి. మనసు ఇంట్లో బీరువా సొరుగులు వెతుకుతుండగా బండి 50 మీటర్లు పోయింది. ఆ 50 మీటర్లూ బండిని నడిపినది ఎవరు?

ఇక వాదాలు. నాతో వాదించేవారి మాటలు నాకు దాదాపు కంఠస్థమే కనుక ఒక్కొక్కటే తీసుకుంటాను.

మొదటి వాదం: "వెనుక కూర్చున్నవాళ్ళతో మాట్లాడుతూ పోవడం లేదా? అది మాత్రం ధ్యాస చెదరగొట్టదా?" చెదరగొడుతుంది, కానీ అంతగా కాదు. వెనుక కూర్చున్న మనిషికి కూడా రోడ్డు కనబడుతోంది. గేదె అడ్డం వస్తే మాట తానే ఆపుతుంది, ఒక్కోసారి మనకంటే ముందే కేక పెడుతుంది. ఆమె ప్రాణం కూడా అదే బండి మీద ఉంది. ఫోనులో అవతలి మనిషి కుర్చీలో కూర్చొని ఉంటాడు. ఇవతల లారీ వస్తోందని అతనికి తెలియదు. మనం మౌనంగా ఉంటే "హలో, వినబడుతోందా?" అని ఇంకా గట్టిగా అడుగుతాడు. ఇది కూడా ఊహ కాదు. స్ట్రేయర్ సహచరులే 2008లో పరీక్షించారు. ఫలానా చోట దారి మళ్ళమని ముందే చెప్పి నడిపిస్తే, పక్క మనిషితో మాట్లాడుతూ నడిపినవారిలో అత్యధికులు సరిగ్గా మళ్ళారు. ఫోనులో మాట్లాడినవారిలో దాదాపు సగంమంది ఆ మలుపు దాటి ముందుకు పోయారు.

రెండవ వాదం: "అన్ని పరిశోధనలూ అలా చెప్పడం లేదు కదా?" నిజమే, ఈ వాదం చేసేవారిని నేను గౌరవిస్తాను. అమెరికాలో 100 కార్లకు కెమెరాలు బిగించి మామూలు రోజుల్లో ఎలా నడుపుతున్నారో చూసిన అధ్యయనం ఒకటి 2006లో వెలువడింది. అందులో నంబరు నొక్కడం వల్ల ప్రమాదావకాశం బాగా పెరిగింది, ఊరికే మాట్లాడటం వల్ల పెద్దగా పెరగలేదు. దాన్ని దాచిపెట్టి వాదించడం న్యాయం కాదు. అయితే అవి నాలుగు చక్రాల కార్లు. గీతలు గీసిన రోడ్లు. ధ్యాస ఒక క్షణం తప్పినా కారు పక్కకు పడిపోదు. చుట్టూ ఇనుప గోడ ఉంటుంది, బెల్టు ఉంటుంది. మన కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో మరణించినవారు 1,68,491 మంది. అందులో 44 శాతానికి పైగా ద్విచక్రవాహనాల మీద పోయినవారే. ఆ కార్లలో తేలిన ఫలితాన్ని తెచ్చి ఈ బండి మీద అతికించుకోవడం ధైర్యం అనిపించుకోదు.

మూడవ వాదం: "సర్కారు లెక్కల్లో మొబైలు వల్ల జరిగిన ప్రమాదాలు చాలా తక్కువ." తక్కువే. అతివేగం అన్న గడిలోనే అత్యధిక భాగం ఉంటుంది. ప్రమాదం జరిగాక కాగితం మీద గడి నింపేది పోలీసు. బతికినవాడు ఫోనులో మాట్లాడుతున్నానని చెబుతాడా? చనిపోయినవాడు చెప్పగలడా? చెవిలోని వేరుశనగ గింజంత వస్తువు ఎగిరి ఏ తూటిచెట్లలో పడిందో ఎవరు వెతుకుతారు? చేతిఫోనైనా రోడ్డు మీద పడి సాక్ష్యం చెప్పేది. దీనికి ఆ సాక్ష్యం కూడా లేదు.

నాలుగవ వాదం అందరికీ ఇష్టమైనది: "చట్టం ఒప్పుకుంది కదా?" 2019 సవరణ తరువాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షను చేత పట్టుకొని ఫోను వాడటాన్ని ప్రమాదకర డ్రైవింగుగా లెక్కిస్తోంది. చేత పట్టుకొని అన్న మాట అందులో ఉంది. హ్యాండ్స్‌ఫ్రీకి ఈ సెక్షను కింద దండన లేదన్నదే 2021లో కేంద్రం లోక్‌సభకు ఇచ్చిన సమాధానపు సారాంశం. కానీ కేంద్ర మోటారు వాహన నియమాలలో, లైసెన్సుకు అనర్హులను చేసే కారణాల జాబితాలో, వాహనం నడుపుతూ మొబైలు వాడటం కూడా ఉంది. అక్కడ చేతి ప్రస్తావన లేదు. 2020 అక్టోబరు 1 నుంచి అమలైన సవరణ దారి చూసుకోవడానికి మాత్రమే ఫోను వాడవచ్చునంటూ, అదీ నడిపేవాని ఏకాగ్రత చెడకుండా అని షరతు పెట్టింది. చిత్రం చూశారా? పటం చూడటానికి ఏకాగ్రత కావాలని తెలిసిన చట్టానికి, మాట్లాడటానికి అదే ఏకాగ్రత ఖర్చవుతుందని తెలియదు.

2023లో మన రాష్ట్రంలో ఒక పుకారు లేచింది. చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకొని బండి నడిపితే 20,000 రూపాయల జరిమానా అని ఊరూరా ఫోన్లలో తిరిగింది. రవాణా శాఖ అది అబద్ధమని ఖండించవలసి వచ్చింది. ఆ ఖండన వచ్చిన నాడు జనం తేలికగా ఊపిరి పీల్చుకున్న తీరే నాకు బాధ కలిగించింది. 20,000 పోతాయన్నప్పుడు పుట్టిన భయం, ప్రాణం పోతుందన్నప్పుడు పుట్టలేదు. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన లారీ ఒప్పుకోదు. అమెరికాలో రవాణా ప్రమాదాలను విచారించే జాతీయ సంస్థ 2011 డిసెంబరులోనే, అత్యవసరమైతే తప్ప నడిపేవారు హ్యాండ్స్‌ఫ్రీతో సహా ఏ ఫోనూ వాడకుండా నిషేధించాలని రాష్ట్రాలను కోరింది. అంతటి నిషేధాన్ని అక్కడి రాష్ట్రాలు సైతం తలకెత్తుకోలేదు. ప్రభుత్వాలకు చెయ్యి కనబడుతుంది, మనసు కనబడదు. ఆ వెలితిని మర్యాదతో పూడ్చుకోవలసినవాళ్ళం మనమే.

అయిదవ వాదం ముందు మాత్రం నేను గొంతు తగ్గిస్తాను. "మా పొట్టకూటికి ఫోను తియ్యక తప్పదు" అంటాడు అన్నం పొట్లాలు, పార్సిళ్ళు ఇళ్ళకు చేరవేసే కుర్రవాడు. అతడు సరదాకి మాట్లాడటం లేదు. ఫోను తియ్యకపోతే కొనుగోలుదారుకు కోపం, కోపం వస్తే మార్కులు తగ్గుతాయి, మార్కులు తగ్గితే పని తగ్గుతుంది. పాలవ్యాను పెద్దాయనదీ అదే కథ. "ఎంతవరకు వచ్చావు?" అని ఒక కేంద్రం నుంచి, "ఇంకా రాలేదేం?" అని మరో కేంద్రం నుంచి పిలుపులు. వీరికి హెడ్‌సెట్టు కొనవద్దని ఉపదేశం చేయడం తేలిక. పిలిచేవారిని నిలదియ్యడం కష్టం. ఈ టపాలో నా అసలు తగవు ఆ పిలిచేవారితోనే.

మోగే ఫోనుకు రెండు కొనలు ఉంటాయి. ఇన్నాళ్ళూ మనం ఒక కొననే తిట్టాం. బండి మీద ఉన్న మనిషికి ఫోను చేసి, అతడు బండి మీద ఉన్నాడని గాలిహోరు వల్ల తెలిసి కూడా, మాట కొనసాగించేవారు ఆ ప్రమాదంలో భాగస్వాములు. మనం గుమ్మంలోకి వచ్చినవారిని భోజనం చేశారా అని అడిగే మర్యాదస్తులం. ఫోను ఎత్తినవారిని "బండి మీద ఉన్నారా?" అని అడిగే మర్యాద మనకెందుకు అబ్బలేదు? అన్నం పొట్లం ఎక్కడున్నదీ తెరమీద చుక్కగా కదులుతూ కనబడుతూనే ఉంటుంది. అయినా "ఎక్కడున్నావు బాబూ?" అని అడగకపోతే మనకు తోచదు. పది నిమిషాలు ఆలస్యమైతే చల్లారేది కూర మాత్రమే.

పని ఇచ్చే యజమానులకు ఇంకొక మాట. నడుస్తున్న బండికి ఫోను చెయ్యరాదు, బండి ఆపాకే తిరిగి పిలవాలి, అందువల్ల ఆలస్యమైతే కోత లేదు అని ఒక కాగితం రాసి గోడకు అంటించడానికి ఎంత ఖర్చు? సిబ్బందికి హెడ్‌సెట్లు కొనిపెట్టి భద్రత కల్పించామని ఫొటో దిగడంకంటే అది చవక. హెడ్‌సెట్టు కొనిపెట్టడమంటే "ఇక నువ్వు ఫోను తియ్యకపోవడానికి సాకు లేదు" అని చెప్పడమే.

ఇంటివారి సంగతి మరీ సున్నితం. "ఫోను తియ్యకపోతే అమ్మ కంగారుపడుతుంది" అంటారు పిల్లలు. ఆ కంగారు నాకు అర్థమవుతుంది. కాలేజీ వదిలిన వేళ నుంచి గుమ్మం వైపు చూసే తల్లులు మా ఊళ్ళో ప్రతి వీధిలోనూ ఉన్నారు. కానీ అమ్మా, పిల్లవాడు క్షేమంగా ఉన్నాడో లేదో తెలుసుకోవడానికి చేసే ఫోనే వాడి క్షేమాన్ని చెడగొడితే ఎలాగ? వాడు ఫోను తియ్యలేదంటే బుద్ధిగా బండి నడుపుతున్నాడని సంతోషించే రోజు రావాలి. ఇప్పటి ఫోన్లలో చాలావాటిలో వాహనం నడిపేటప్పుడు పిలుపులను ఆపి, "నడుపుతున్నాను, తరువాత మాట్లాడతాను" అని తానే సమాధానం పంపే సదుపాయం ఉంది. రూపాయి ఖర్చు లేదు. కొనవలసిన వస్తువు గురించి పదిమంది అడిగారు కానీ, ఊరికే వచ్చే ఈ సదుపాయం గురించి ఒక్కరూ అడగలేదు.

ఇంత చదివాక నేను హెడ్‌సెట్టుకే విరోధినని అనుకోవద్దు. తన చోట అది దివ్యమైన వస్తువు. మిషను మీద రవికలు కుట్టే దర్జీకి, వంటింట్లో పోపు పెడుతూ చెల్లెలితో మాట్లాడే గృహిణికి, కొట్లో ఒక చేత్తో పద్దు రాసుకునే వ్యాపారికి, కీళ్ళనొప్పులతో ఫోను పట్టుకోలేని వృద్ధులకు అది నిజంగా కరముక్తమే. ఆదివారం పొద్దున అమెరికాలోని కొడుకుతో, కోడలితో, మనవరాలితో వరుసగా గంటన్నర మాట్లాడవలసిన తెనాలి తాతయ్యలకు దానికి మించిన కానుక లేదు. అటువంటివారి కోసం నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెబుతాను.

పాట బాగా వినబడితే మాట కూడా బాగుంటుందనుకోవద్దు. బ్లూటూత్‌లో పాటకు ఒక పద్ధతి, ఫోను మాటకు వేరొక పద్ధతి. పాట ఒకవైపే ప్రవహిస్తుంది. మాట రెండువైపులా పోవాలి కనుక నాణ్యత తగ్గుతుంది. పాత పద్ధతిలో గొంతును సెకనుకు 8,000 సార్లు, కొంత మెరుగైన పద్ధతిలో 16,000 సార్లు నమూనా తీస్తారు. సీడీలోని పాటకు అది 44,100. అంగట్లో పాట వినిపించి అమ్మేవాడి మాటకు అందుకే విలువ లేదు.

డబ్బా మీద రెండు రకాల శబ్దనివారణ పేర్లు ఉంటాయి. ఏఎన్‌సీ అన్నది మీ చెవికి బయటి మోత వినబడకుండా చేసేది. ఈఎన్‌సీ అన్నది మీ చుట్టూ ఉన్న మోత అవతలివారికి పోకుండా చేసేది. ఫోను మాటకు కావలసింది రెండవది. మొదటిదానికి డబ్బులు పోసి "నా మాట అవతల వినబడటం లేదు" అని వాపోయేవారు చాలామంది. నోటి దాకా చిన్న కాడ చాచుకొని ఉండే మైకు చూడటానికి మోటుగా ఉన్నా, చెవిలో దాక్కునే గింజలకంటే మాట స్పష్టంగా పంపుతుంది. ఒక చెవికి పెట్టుకునేది ఇంట్లోవారి పిలుపు కూడా వినబడనిస్తుంది. గింజల్లో బ్యాటరీ చిన్నది, పాతబడితే మార్చుకునే వీలు సాధారణంగా ఉండదు. వాటంతట అవే ఫోను ఎత్తే సదుపాయం ఉంటే మొదటిరోజే ఆపివేయండి. కొనేముందు వీలైతే అంగడి బయట సంత రొదలో నిలబడి ఎవరికైనా ఫోను చేసి, తన గొంతు ఎలా ఉందో అవతలివారిని అడగాలి. మన చెవికి బాగున్నంత మాత్రాన ఏమీ తేలదు.

వీటన్నిటికంటే ముందు చూడవలసిన గుణం డబ్బా మీద ఉండదు. ఏ చోట పెట్టుకుంటాను, ఏ చోట తీసేస్తాను అన్న నిర్ణయం అది. బండి తాళం చేతికి తీసుకున్నప్పుడు హెడ్‌సెట్టు డబ్బాలోకి పోవాలి. ముఖ్యమైన పిలుపు వస్తే రోడ్డు దిగి, చెట్టు కింద బండి ఆపి, మనసారా మాట్లాడుకోవచ్చు. మా దారి పొడుగునా చెట్లున్నాయి, టీకొట్లున్నాయి. అయిదు నిమిషాలు ఆగినంత మాత్రాన మునిగిపోయే కొంపలు మనలో ఎవరికీ లేవు.

సాటి బ్లాగరులకు ఒక విన్నపం. మీ ఊళ్ళోనూ మిమ్మల్ని ఈ ప్రశ్న అడిగేవారు ఉండే ఉంటారు. కంపెనీ పేరు చెప్పేముందు "బండి మీదకా, ఇంటికా?" అని ఒక్క మాట అడగండి. మీరే ఎవరికైనా ఫోను చేసినప్పుడు అవతల గాలిహోరు వినబడితే, "ఆగాక చేయండి" అని చెప్పి మీరే పెట్టేయండి. ఇందులో నా వాదం తప్పని తోచినవారు వ్యాఖ్యలలో నిరభ్యంతరంగా ఖండించవచ్చు, ఒక్కొక్కరికీ జవాబిస్తాను. బండి మీద ఉన్నవారు మాత్రం తొందరపడనక్కరలేదు. ఇల్లు చేరాక రాయండి.